పిస్తోలు పందెంలో గెలవవలసింది చెయ్యా, పనిముట్టా?

తూటాల లెక్కపైనా, పిస్తోలు మార్పులపైనా ఎడతెగని పేచీ

కొలతకు అందే నిబంధనే నిలుస్తున్న వైనం

2024 జూలై ఆఖరులో పారిస్ ఒలింపిక్ క్రీడల నుంచి వచ్చిన ఒక ఫొటో ఊరూరా తిరిగింది. టర్కీకి చెందిన 51 ఏళ్ళ యూసుఫ్ డికెచ్ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్ళద్దాలతో, తాపీగా పిస్తోలు ఎత్తి గురి చూస్తున్న ఫొటో అది. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు మిశ్రమ జట్ల పోటీలో ఆయన షెవ్వాల్ ఇలాయిదా తర్హాన్‌తో కలిసి రజతం గెలిచాడు. అదే పోటీలో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ జంట కాంస్యం గెలిచిన సంగతి పాఠకులకు విదితమే.

ఆ ఫొటో చూసినవారిలో చాలామంది, చెయ్యి మంచిదైతే పనిముట్టుతో పనిలేదని అనుకున్నారు. అందులో సగమే నిజం. ప్రత్యేకపు కళ్ళజోడు లేకపోయినా ఆయన చేతిలోనిది పోటీల కోసమే తయారైన పిస్తోలు. దాని ట్రిగ్గరు ఎంత బరువు మోయాలి, పిస్తోలు ఎంత పొడవుండాలి, ఎంత తూగాలి అన్నవన్నీ రాసిపెట్టిన లెక్కలు. పక్కన నిలబడిన ప్రతి పోటీదారు పిస్తోలుకూ అవే లెక్కలు. అందరికీ ఒకటే తూకం ఉన్నది కనుకనే గెలుపు చేతిదని నమ్మడానికి వీలయింది.

ఆ తూకం ఎక్కడ పెట్టాలన్నదే పిస్తోలు పోటీల లోకంలో అర్ధ శతాబ్దంగా నడుస్తున్న తగవు. తూటాలు అయిపోతే తిరిగి నింపుకోవడం ఎలా, పిస్తోలుకు ఎన్ని మార్పులు చేసుకోవచ్చు అన్న రెండు విషయాల మీదే ఈ తగవులో ఎక్కువ భాగం నడిచింది. చూడడానికి చిన్న విషయాలే. కాని డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య పోటీ న్యాయంగా జరుగుతుందా లేదా అన్నది వీటిమీదే ఆధారపడి ఉన్నది.

నిలబడి కాల్చేది, పరుగెత్తి కాల్చేది

పిస్తోలు పోటీలు ముఖ్యంగా రెండు తరహాలు. మొదటిది ఒలింపిక్స్‌లో మనం చూసేది. పోటీదారు ఒకచోట నిలబడి, ఒక చేత్తో, నిర్ణీత దూరంలో ఉన్న గురిబిళ్ళను కాలుస్తాడు. దీనిని అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య, అంటే ఐ.ఎస్.ఎస్.ఎఫ్., నడుపుతుంది. మన దేశంలో 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం ఈ పద్ధతినే అనుసరిస్తున్నది.

రెండవది అమెరికాలో పుట్టి పలు దేశాలకు వ్యాపించిన పరుగు పోటీ. మైదానంలో తడికెలు, తలుపులు, కిటికీలు కడతారు. వాటి వెనుక అట్టబొమ్మలు నిలబెడతారు. గంట మోగగానే పోటీదారు పరుగు తీస్తూ ఒక్కొక్క బొమ్మనూ కాల్చుకుంటూ పోతాడు. ఎంత సూటిగా కాల్చాడు, ఎంత త్వరగా ముగించాడు అన్న రెండూ లెక్కకు వస్తాయి. దీనికి పెద్ద సంఘం ఐ.పి.ఎస్.సి. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియా పట్టణంలో 1976లో జరిగిన సమావేశంలో ఇది ఏర్పడింది. ఒకప్పుడు మెరైన్ దళంలో అధికారిగా పనిచేసిన జెఫ్ కూపర్ దాని తొలి అధ్యక్షుడు. సూటి, బలం, వేగం అనే మూడూ సమపాళ్ళలో ఉండాలన్నది ఆ సంఘం పెట్టుకున్న సూత్రం.

తూటాలు నింపుకోవడం మీద తగవంతా ఈ రెండవ తరహా పోటీలదే. పిస్తోలు పిడిలోకి దోపే, తూటాలు వరుసగా పేర్చిన ఇనుప డబ్బాను మేగజైను అంటారు. అది ఖాళీ అయితే కింద పడేసి, నడుముకు కట్టుకున్న పటకా నుంచి ఇంకొకటి తీసి దోపుకోవాలి. చేయి తిరిగినవాడికి ఇది ఒకటి రెండు సెకండ్ల పని. చేతకానివాడికి అయిదారు సెకండ్లు కూడా పట్టవచ్చు.

మార్పుల మీద మార్పులు

ఈ పోటీలు మొదలైన రోజులలో ఎక్కువమంది తెచ్చినవి సైనికులు, పోలీసులు వాడిన పాతకాలపు .45 అంగుళాల పిస్తోళ్ళు. మేగజైనులో ఏడెనిమిది తూటాలు పట్టేవి. ఆత్మరక్షణ కోసం మనిషి నడుమున ఉంచుకునే పిస్తోలుతోనే పందెం జరగాలన్నది కూపర్ తరం వారి ఉద్దేశం.

ఆ ఉద్దేశం ఎంతోకాలం నిలవలేదు. 1980 దశకం మొదటినుంచి పిస్తోలు గొట్టం చివర ఒక బిరడా లాంటిది తగిలించడం మొదలయింది. దీనిని కాంపెన్సేటరు అంటారు. మందు పేలినప్పుడు పుట్టే వాయువును ఇది పైకి మళ్ళిస్తుంది. దానితో గొట్టం పైకి ఎగరకుండా అణిగి ఉంటుంది. రెండవ గుండు వెంటనే కాల్చుకోవచ్చు. ఆ తరువాత లావుపాటి .45 తూటాకు బదులు సన్నని .38 సూపర్ తూటా వచ్చింది. సన్నని తూటాలు మేగజైనులో ఎక్కువ పడతాయి. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో డగ్ కోనిగ్ అనే అమెరికన్ రెడ్ డాట్ బిగించిన పిస్తోలుతో విజేత అయ్యాడు. రెడ్ డాట్ అంటే చిన్న అద్దం మీద కనిపించే ఎర్ర చుక్క. ముందు సూదినీ వెనుక గాడినీ వరుసలో పెట్టుకోనక్కరలేదు. చుక్క ఎక్కడ ఉంటే గుండు అక్కడికి పోతుంది. కాగా రెండు వరుసల తూటాలు పట్టే మేగజైనులు కూడా అదే కాలంలో వచ్చిపడ్డాయి.

ఒక్కొక్క మార్పు వల్లా కాల్పు సులువయింది. ఒక్కొక్క మార్పుకూ ఖర్చు పెరిగింది. దుకాణంలో కొన్న పిస్తోలుతో వచ్చినవాడు, పనివాడి చేత నెలల తరబడి చెక్కించి తెచ్చుకున్నవాడి ముందు తేలిపోయాడు. నిరుటి పిస్తోలు ఈ ఏటికి పాతబడిపోయే పరిస్థితి వచ్చింది. పందెం మైదానంలో కాక కార్ఖానాలోనే తేలిపోతున్నదన్న విమర్శ బయలుదేరింది.

వర్గాల విభజన

నిర్వాహకులు మార్పులను పూర్తిగా నిషేధించలేదు. పనిముట్టును బట్టి పోటీదారులను వర్గాలుగా విడగొట్టారు. మన జిల్లాలలో బండలాగుడు పోటీలు చూసేవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. పాలపళ్ళ జతను ఆరుపళ్ళ జతతో ఎవరూ కట్టరు. పళ్ళు లెక్కపెట్టి విభాగం తేలుస్తారు. ఆ విభాగానికి తగిన బండ కడతారు. ఇన్ని నిముషాలలో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. ఇక్కడా అదే పద్ధతి.

ఓపెన్ అనే వర్గంలో కాంపెన్సేటరు, రెడ్ డాట్ రెండూ పెట్టుకోవచ్చు. మేగజైను పొడవు మాత్రం 170 మిల్లీమీటర్లు దాటరాదు. అందులోనే ముప్ఫైకి దగ్గరగా తూటాలు పట్టించేవారున్నారు. స్టాండర్డ్ అనే వర్గంలో కాంపెన్సేటరు లేదు, రెడ్ డాట్ లేదు. పైగా మేగజైను దోపిన పిస్తోలు 225 మిల్లీమీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల ఎత్తు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న పెట్టెలో ఇమడాలి. ఇమడకపోతే ఆ వర్గంలో చోటు లేదు. ప్రొడక్షన్ అనే వర్గం కార్ఖానా నుంచి వచ్చిన మామూలు పిస్తోళ్ళ కోసం పెట్టినది. సంఘం ఆమోదించిన జాబితాలోని పిస్తోలే తేవాలి. మేగజైనులో 15 తూటాలకు మించరాదు. క్లాసిక్ వర్గం పాతకాలపు ఒంటి వరుస పిస్తోళ్ళది. అందులో బలమైన తూటాలైతే 8, తేలిక తూటాలైతే 10. రివాల్వరుకు వేరే వర్గం ఉన్నది.

మార్పుల నిషేధం ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పిడి అడుగున మేగజైను దోపే కంత చిన్నది. పరుగులో మేగజైను సరిగ్గా కంతలో పడక అంచుకు తగలడం మామూలు. అందుకని కొందరు పిడి అడుగున గరాటు వంటి వెడల్పు మూతి తగిలించుకున్నారు. కిరసనాయిలు సీసాలో పోసేటప్పుడు గరాటు ఎంత సాయమో, తూటాలు నింపుకునేటప్పుడు ఈ మూతి అంత సాయం. ప్రొడక్షన్ వర్గంలో దీనిని నిషేధించారు. గరాటు కొనుక్కున్నవాడికి దొరికే అర సెకండు, సాధన చేసినవాడికే దక్కాలన్నది దీని అర్థం.

బలానికీ తూకమే

తేలిక మందుతో తూటాలు చేయించుకుంటే పిస్తోలు తక్కువ ఎగురుతుంది, వేగంగా కాల్చవచ్చు. ఈ ఎత్తును ఆపడానికి ఒక లెక్క పెట్టారు. గుండు బరువును గ్రెయిన్లలోనూ, వేగాన్ని సెకనుకు అడుగులలోనూ తీసుకుని రెండింటినీ హెచ్చించి వెయ్యితో భాగిస్తారు. వచ్చిన అంకె 125కు తగ్గరాదు. ఉదాహరణకు 124 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,010 అడుగుల వేగంతో పోతే 125 పైచిలుకు వస్తుంది. అది తేలిక తరగతి. 230 గ్రెయిన్ల గుండు 740 అడుగుల వేగంతో పోతే 170 వస్తుంది. అది బలమైన తరగతి.

బలమైన తూటాకు చిన్న ప్రతిఫలం కూడా ఉన్నది. బొమ్మ నడిమధ్య తగిలితే ఏ తూటాకైనా 5 మార్కులే. పక్కకు తప్పితే బలమైన తూటాకు 4, తేలిక తూటాకు 3. అంచున తగిలితే 2, 1. అదురును భరించగలిగినవాడికి తప్పు కొంత తక్కువగా పడుతుందన్నమాట.

పెద్ద పోటీలలో ఈ లెక్కను కాగితం మీద నమ్మరు. పోటీదారు సంచిలోనుంచి కొన్ని తూటాలు తీసుకుంటారు. ఒకదాని గుండు పీకి తూస్తారు. మిగిలినవి యంత్రం ముందు కాల్చి వేగం కొలుస్తారు. 125 రాకపోతే అతడు పోటీ అంతా కాల్చవచ్చు గాని, అతని మార్కులు లెక్కకు రావు. ఎవరి మాటతోనూ పనిలేదు, కాటా చెప్పిందే తీర్పు.

తూటాలు నింపుకోవడంలో ఉన్న అసలు పరీక్ష

ఇక తూటాల సంఖ్య సంగతి. పన్నెండు బొమ్మలు, బొమ్మకు రెండేసి గుళ్ళు చొప్పున 24 గుళ్ళు కాల్చవలసిన ఒక అంకం ఉన్నదనుకుందాం. అన్నీ నడిమధ్య తగిలితే 120 మార్కులు. మార్కులను సెకండ్లతో భాగించగా వచ్చినదే ఫలితం. 20 సెకండ్లలో ముగించినవాడికి 6 వస్తుంది. మేగజైను మార్చుకోవడంలో తడబడి మరో రెండు సెకండ్లు పోగొట్టుకున్నవాడికి 5.45 వస్తుంది. ఒక్క గుండు తప్పకపోయినా, ఆ తడబాటు ఒక్కటే నూటికి తొమ్మిది వంతులు కోసేసిందన్నమాట.

ఓపెన్ వర్గంవాడికి ఈ 24 గుళ్ళకు మేగజైను మార్చే అవసరమే రాదు. 15 తూటాల వాడు ఒకసారి, 8 తూటాల వాడు రెండుసార్లు మార్చుకోవాలి. ఆరు తూటాల రివాల్వరు వాడు మూడుసార్లు నింపుకోవాలి. అయితే ఎవరి పోటీ వారి వర్గంలోనే. ఒక వర్గంలోని అందరికీ ఈ భారం ఒకే మాదిరి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఒకేచోట నిలబడి మేగజైను మార్చుకుంటే ఆ సమయమంతా దండగ. ఒక తడికె నుంచి ఇంకొక తడికెకు పరుగెత్తే దారిలో మార్చుకుంటే సమయం దాదాపు పోదు. ఎటూ పరుగెత్తవలసినదే గదా. మధ్యరకం, పెద్దరకం అంకాలలో ఒకచోట నుంచి 9 గుళ్ళకు మించి కాల్చే అవసరం రాకూడదన్న నిబంధన ఉన్నది. అంచేత తక్కువ తూటాల వాడికి కూడా పరుగు దారిలో నింపుకునే అవకాశం దొరుకుతుంది. ఎక్కడ మార్చుకోవాలో ముందే లెక్క వేసుకున్నవాడు బాగుపడతాడు. తూటాలు పూర్తిగా అయిపోయేదాకా ఆగినవాడు ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతాడు.

తూటాల పరిమితి వల్ల పోటీదారుకు పైసా ఖర్చు లేదు. దానిని ఎదుర్కోవడానికి దుకాణంలో కొనదగిన వస్తువూ పెద్దగా లేదు. ఖాళీ మేగజైనుతో ఇంటి వసారాలో రోజూ అరగంట సాధన చేసినా చేయి తిరుగుతుంది. పనిముట్ల పోటీలో వెనుకబడినవాడికి ఈ ఒక్కచోట తన కష్టం తనకు దక్కుతుంది. అందుకే తూటాల పరిమితి ఈ ఆటలో న్యాయమైన నిబంధనలలో ఒకటని చెప్పవచ్చు.

మనసును శిక్షించబోయిన నిబంధన

ఐ.పి.ఎస్.సి. పోటీలు పరుగు పందేలుగా మారిపోయాయని, ఆత్మరక్షణ పాఠం మరుగున పడిపోయిందని భావించిన కొందరు 1996లో అమెరికాలోనే ఐ.డి.పి.ఎ. అనే మరో సంఘం పెట్టారు. బిల్ విల్సన్, కెన్ హాకథార్న్ మొదలైనవారు దాని స్థాపకులు. మామూలు మనిషి చొక్కా కింద దాచుకునే పిస్తోలు, మామూలు ఒర, మామూలు మేగజైన్లు వాడాలన్నది వారి పట్టు. కాంపెన్సేటర్ల వంటి హంగులను కట్టడి చేశారు. ఖర్చు తగ్గించాలన్న ఆ ప్రయత్నం మెచ్చుకోదగినదే.

తూటాలు నింపుకునే విషయంలో మాత్రం వారు ఒక చిక్కు తెచ్చుకున్నారు. నిజమైన ఆపదలో చిక్కుకున్నవాడు తూటాలున్న మేగజైనును నేలమీద పారేసి పోడు, ఆ తూటాలు మళ్ళీ అవసరం పడవచ్చు అన్నది వారి వాదం. కనుక మేగజైను పూర్తిగా ఖాళీ అయితే పడేయవచ్చు. ఒక్క తూటా మిగిలి ఉన్నా దానిని జేబులోనో పటకాలోనో భద్రంగా పెట్టుకున్న తరువాతనే ముందుకు సాగాలి. తూటాలున్న మేగజైనును వదలిపెట్టి పోతే మూడు సెకండ్లు అదనంగా కలుపుతారు.

వాదంలో తప్పు లేదు. కాని గడియారం నడుస్తూ ఉంటే మనిషి బుద్ధి వేరే దారి పడుతుంది. మిగిలిన తూటాలను జేబులో పెట్టుకోవడం కంటె, వాటిని బొమ్మమీదికి అదనంగా కాల్చి మేగజైను ఖాళీ చేసుకోవడమే త్వరగా అవుతుందని పోటీదారులు కనిపెట్టారు. తూటాలు పొదుపు చేయాలని పెట్టిన నిబంధన, తూటాలు తగలేయడానికి దారి చూపింది.

దీనిని ఆపడానికి, లాభం కోసం కావాలని అదనపు గుళ్ళు కాల్చితే శిక్ష అని మరో నిబంధన పెట్టవలసి వచ్చింది. అసలు తగవు అక్కడే మొదలయింది. పోటీదారు మూడవ గుండు ఎందుకు కాల్చినట్లు? మొదటి రెండింటిలో ఒకటి తప్పిందేమోనన్న అనుమానంతోనా? మేగజైను ఖాళీ చేసుకోవడానికా? ఆ సంగతి అతని మనసుకు తెలియాలి. పక్కన నిలబడిన పర్యవేక్షకుడు ఊహించాలి. ఒక పర్యవేక్షకుడు వదిలేసినదాన్ని ఇంకొకరు పట్టుకోవచ్చు. తెలిసినవాడికి ఒక తీర్పు, తెలియనివాడికి ఒక తీర్పు అన్న అనుమానం పుట్టడానికి ఇంతకంటె ఏం కావాలి?

దీనికి ఆ సంఘంలోనే మరో మందు కూడా ఉన్నది. కొన్ని అంకాలలో ఇన్ని గుళ్ళే కాల్చాలని ముందుగానే గిరి గీస్తారు. ఒక్క గుండు ఎక్కువ కాల్చినా శిక్ష పడుతుంది. ఎందుకు కాల్చావని ఎవరూ అడగరు. అట్టకు పడిన కంతలు, పేలిన చప్పుళ్ళు లెక్కపెడితే చాలు. ఈ పద్ధతిలో తగవు రాదు. అయితే ఒక గుండు తప్పితే దాన్ని దిద్దుకునే వీలు పోతుంది. అన్ని అంకాలనూ ఇలాగే నడపలేరు.

ఐ.డి.పి.ఎ. పక్షాన చెప్పదగిన మాట ఒకటున్నది. ఆటకు ఒక ప్రయోజనం ఉండాలని, ఉత్త వేగమే గొప్ప కాదని వారు నమ్మారు. ఆ నమ్మకాన్ని తీసిపారవేయలేము. కాని మంచి ఉద్దేశాన్ని నిబంధనగా రాసేటప్పుడు దాన్ని కళ్ళతో చూసి తేల్చగలమా అని అడగవలసి ఉన్నది.

చూడగానే తేలే తప్పులు

భద్రత నిబంధనలను చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఐ.పి.ఎస్.సి. పోటీలో తూటాలు నింపుకునేటప్పుడు వేలు ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీలోపల కనిపిస్తే పోటీదారును ఆ పోటీ మొత్తం నుంచి పంపివేస్తారు. పిస్తోలు మూతి నిర్ణీత హద్దు దాటి పక్కకో వెనుకకో తిరిగినా అదే శిక్ష. ప్రపంచ విజేత అయినా, మొదటిసారి వచ్చినవాడైనా మినహాయింపు లేదు. కావాలని చేశాడా, పొరపాటున చేశాడా అన్న విచారణ లేదు. వేలు లోపల ఉన్నదా లేదా, మూతి హద్దు దాటిందా లేదా అన్నదే ప్రశ్న. ప్రాణాలతో ముడిపడిన ఇంత కఠినమైన నిబంధనను పోటీదారులు కిమ్మనకుండా ఒప్పుకుంటారు. మూడు సెకండ్ల శిక్ష మీద మాత్రం గంటల తరబడి వాదించుకుంటారు. మొదటిదాన్ని ఎవరైనా చూసి తేల్చవచ్చు, రెండవదాన్ని తేల్చలేరు. కారణం ఇదే.

ఒలింపిక్ పోటీల తూకం

ఐ.ఎస్.ఎస్.ఎఫ్. మొదటినుంచీ కాటానూ పెట్టెనూ నమ్ముకున్నది. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు ట్రిగ్గరు 500 గ్రాముల బరువును మోసి నిలవాలి. పిస్తోలు 1,500 గ్రాములు మించరాదు. 25 మీటర్ల పోటీలో వాడే .22 పిస్తోలు ట్రిగ్గరు 1,000 గ్రాములు మోయాలి. పిస్తోలు 1,400 గ్రాములు మించరాదు. అది 300 మిల్లీమీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పెట్టెలో ఇమడాలి. కాంపెన్సేటరు పనికిరాదు. ఒక విడతకు 5 తూటాలకు మించి నింపరాదు.

ట్రిగ్గరు పరీక్ష విధానం చాలా సరళమైనది. గొట్టం నిటారుగా ఉండేలా పిస్తోలు పట్టుకుని, ట్రిగ్గరుకు తూనికరాయి తగిలించి పైకి ఎత్తుతారు. రాయి లేస్తే పిస్తోలు నెగ్గింది. లేవకుండానే ట్రిగ్గరు జారిపోతే ఓడింది. పోటీ ముగిసిన వెంటనే కొందరిని చీటీ ఎత్తి పిలిచి మళ్ళీ పరీక్షిస్తారు. మూడు ప్రయత్నాలలోనూ నెగ్గకపోతే ఎన్ని మార్కులు వచ్చినా అనర్హుడే.

ఈ సమాఖ్య కూడా పనిముట్ల పోటీని చవిచూడకపోలేదు. ర్యాపిడ్ ఫైర్ అనే వేగపు పోటీలో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ దాకా ఆ ఒక్క పోటీకే పనికివచ్చే ప్రత్యేకమైన పిస్తోళ్ళు వాడేవారు. వాటి తూటా కూడా పొట్టిది, అదురు లేనిది. మరే పోటీకీ అవి పనికిరావు. 2005 నుంచి నిబంధన మార్చి, 25 మీటర్ల ఇతర పోటీలలో వాడే .22 పిస్తోలునే, 1,000 గ్రాముల ట్రిగ్గరుతోనే ఇక్కడా వాడాలన్నారు. ఒక్క పిస్తోలుతో రెండు మూడు పోటీలకు దిగే వీలు కలిగింది. పేద దేశాల పోటీదారులకు ఇది ఎంతో మేలు చేసిన మార్పు.

రైఫిల్ పోటీలకు వేసుకునే కోటు మీద కూడా కొలత ఉన్నది. బిగుతైన దళసరి కోటు ఒంటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. అందుకని కోటు గుడ్డ మందం 2.5 మిల్లీమీటర్లు దాటరాదన్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచిన హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ కూడా ఇటువంటి తనిఖీలు దాటి వచ్చినవాడే.

పనిముట్టు మొరాయిస్తే

పనిముట్టు మీద ఎన్ని నిబంధనలు పెట్టినా, అది మొరాయించినప్పుడు నష్టం పోటీదారుదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ ఎయిర్ పిస్తోలు మధ్యలో చెడిపోయింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన నిముషాలు గడిచిపోయాయి. ఆమె ఫైనల్‌కు చేరలేకపోయింది. మూడేళ్ళకు పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. పనిముట్టు ఎంత ఖరీదైనదైనా, చెడిపోతే మార్చుకోవడానికి రెండవది సిద్ధంగా ఉండాలి. రెండవది కొనగలిగిన స్తోమత ఎందరికి ఉన్నదన్నది వేరే ప్రశ్న.

మన పిల్లలకు ఏది దారి?

పరుగెత్తి కాల్చే పోటీలకు మన దేశంలో దారి చాలా ఇరుకు. ఆ పోటీలలో ఎక్కువమంది వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు మన ఆయుధ చట్టం ప్రకారం నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. మామూలు పౌరునికి దానికి లైసెన్సు దొరకదు. .22 పిస్తోలుకు కూడా లైసెన్సు తప్పనిసరి.

పది మీటర్ల ఎయిర్ పిస్తోలు సంగతి వేరు. ఇది మందుతో కాక గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును కాలుస్తుంది. పోటీలలో వాడే ఈ రకానికి 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. స్థలం కూడా ఎక్కువ అవసరం లేదు. పొడవాటి గది, వెనుక గట్టి అడ్డు, పెద్దవారి పర్యవేక్షణ ఉంటే సాధన మొదలుపెట్టవచ్చు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళ వయసులోనే పెద్దల విభాగంలో జాతీయ విజేత అయింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకాలు తెచ్చింది. వాటిలో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం ఒకటి. ఆమె 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు కూడా వెళ్ళింది.

అయితే ఇక్కడా ఖర్చు అడ్డమే. పెద్ద పోటీలలో వాడే విదేశీ ఎయిర్ పిస్తోలు ధర లక్ష రూపాయలు దాటుతుంది. రెండెకరాల రైతు తన పిల్లకు అది కొనిపెట్టలేడు. జిల్లా కేంద్రంలోనో, పెద్ద హైస్కూలులోనో నాలుగు పిస్తోళ్ళు ఉమ్మడిగా ఉంటే వంతులవారీగా పది పదిహేనుమంది నేర్చుకోవచ్చు. తూకం అందరికీ ఒకటే కనుక, ఉమ్మడి పిస్తోలుతో నేర్చిన పిల్ల పెద్ద పోటీకి పోయినా కొత్త నియమాలు నేర్చుకోవలసిన పని ఉండదు. 500 గ్రాముల రాయి ఇక్కడైనా ఎక్కడైనా 500 గ్రాములే.

నిర్వాహకులకు పాఠం

ఈ అర్ధ శతాబ్దపు తగవు నుంచి నేర్చుకోవలసినది పిస్తోళ్ళకే పరిమితం కాదు. ఊళ్ళలో జరిగే ఏ పందెమైనా, ఏ ఆటల పోటీ అయినా మూడు సంగతులు గుర్తుంచుకుంటే సగం తగవులు తగ్గుతాయి. మొదటిది, నిబంధనను పోటీకి ముందే రాసి అందరికీ చదివి వినిపించాలి. రెండవది, ఆ నిబంధన గజంబద్దకో, కాటాకో, గడియారానికో అందేదిగా ఉండాలి. మూడవది, తనిఖీ ఓడినవాడికే కాక గెలిచినవాడికీ తప్పక జరగాలి.

ఎవరి మనసులో ఏమున్నదో తేల్చే పని నిర్వాహకుని నెత్తిన పెడితే, ఎంత నిజాయితీపరుడైనా నిందపడక తప్పదు. తూనికరాయి చేతిలో పెడితే ఓడినవాడు కూడా తల ఊపి ఇంటికి పోతాడు, మరుసటి ఏడు మళ్ళీ వస్తాడు.